ముప్ఫై రూపాయల గుమాస్తా

చుట్టుపక్కల ఎవరింట్లో పిల్లాడు పదోక్లాసు సర్టిఫికెట్టుతో ఉద్యోగం కోసం తిరుగుతున్నా నాకు శ్రీనివాస రామానుజన్ గుర్తొస్తాడు. ప్రపంచం మెచ్చిన గణిత మేధావి కాదు, ఒట్టి మెట్రిక్ పాసై మద్రాసులో గుమాస్తా పని కోసం గడప గడపా ఎక్కిన రామానుజన్. లెక్కలంటే నాకు స్కూలు రోజుల్నించీ భయమే కనుక ఆయన సూత్రాల జోలికి పోను. ఇంటి సంగతులే చెప్తాను.

తండ్రి కుంభకోణంలో బట్టల కొట్టు గుమాస్తా. నెలకి 20 రూపాయల జీతం. తల్లి కోమలతమ్మాళ్ గుళ్ళో భజనలు పాడి నాలుగు డబ్బులు తెచ్చేది. అలాంటి ఇంట్లో పెద్దకొడుకు 1904లో లెక్కల్లో బహుమతితో హైస్కూలు చదువు ముగించి, కాలేజీలో స్కాలర్‌షిప్ కూడా తెచ్చుకుంటే ఆ తల్లి ఎంత మురిసిపోయి ఉంటుందో! ఆ ముచ్చట ఎన్నాళ్ళో నిలవలేదు. లెక్కలు తప్ప మరో పుస్తకం ముట్టని పిల్లాడు ఇంగ్లీషులో తప్పాడు. స్కాలర్‌షిప్ పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా మన విశాఖపట్నం పారిపోయాడు. తర్వాత మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరినా, ఇప్పటి ఇంటర్ లాంటి ఎఫ్.ఏ. పరీక్ష రెండుసార్లూ తప్పాడు.

ఇక చేతిలో మిగిలింది మెట్రిక్ ఒక్కటే. ట్యూషన్లు చెబుదామంటే పాఠం వదిలేసి తన లెక్కల్లోకి వెళ్ళిపోయేవాడట. అరుగు మీద పలక పెట్టుకుని రాస్తూ, మోచేత్తో చెరుపుతూ కూర్చునేవాడు. ఇరవై దాటిన కొడుకు అలా కూర్చుంటే తల్లికి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆవిడ మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన మందే వేసింది. 1909లో పెళ్ళి చేసింది. జానకికి అప్పటికి పదేళ్ళు. సంపాదన లేనివాడి చేతిలో ఓ పసిపిల్లని పెట్టడం ఏం పరిష్కారమో నాకిప్పటికీ అర్థం కాదు. ఏ మాటకామాటే, ఆ తర్వాతే ఆయన నోటుపుస్తకాలు చంకన పెట్టుకుని పనికోసం గట్టిగా బయల్దేరాడు.

1910లో తిరుక్కోయిలూరు వెళ్ళి, డిప్యూటీ కలెక్టరు రామస్వామి అయ్యర్‌ని ఆఫీసులో చిన్న గుమాస్తా పని ఇమ్మని అడిగాడు. ఆయనకీ లెక్కల పిచ్చే. నోటుపుస్తకం చూసి, ఇలాంటివాణ్ణి రెవెన్యూ ఫైళ్ళలో పడేయడం పాపమని ఉద్యోగం ఇవ్వలేదు! సిఫార్సు ఉత్తరాలిచ్చి పంపాడు. ఉద్దేశం మంచిదే, కానీ పూట గడవాలిగా? చివరికి నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు నెలకి 25 రూపాయలు పంపే ఏర్పాటు చేశాడు. ఒకరిమీద ఆధారపడి ఎన్నాళ్ళో ఉండటం రామానుజన్‌కి ఇష్టం లేకపోయింది.

1912 మొదట్లో అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో 20 రూపాయల తాత్కాలిక పని దొరికింది. కొన్ని వారాలే. ఫిబ్రవరి 9న మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌కి దరఖాస్తు పెట్టాడు. మెట్రిక్ పాసయ్యానని, ఎఫ్.ఏ. దాకా చదివానని, పరిస్థితులు అనుకూలించక చదువు ఆగిందని రాశాడు. తప్పానని రాయలేదు. ఎవరు రాస్తారు లెండి! ప్రెసిడెన్సీ కాలేజీ లెక్కల ప్రొఫెసరు సిఫార్సు జతచేశాడు. మార్చి 1న గుమాస్తాగా చేరాడు. జీతం 30 రూపాయలు. హైస్కూలు దాటిన ఎనిమిదేళ్ళకి!

ఆ జీతంతోనే కాపురం పెట్టాడు. తల్లీ, జానకీ మద్రాసు వచ్చారు. ఆఫీసుకి ముందూ లెక్కలే, వచ్చాకా లెక్కలే. రాత చెడకుండా అన్నం కలిపి ముద్దలు చేతిలో పెట్టేవారట. కాగితాలు కొనలేక, రేవులో పారేసిన ప్యాకింగ్ కాగితాల మీద రాసేవాడు. 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాసింది ఈ గుమాస్తాగిరీ చేస్తూనే. 1914లో ఇంగ్లాండు ప్రయాణం, 1918లో రాయల్ సొసైటీ గౌరవం అందరూ ఎరిగినవే. జబ్బుతో తిరిగొచ్చి 1920 ఏప్రిల్ 26న పోయాడు. 32 ఏళ్ళు.

జానకికి 21. పిల్లల్లేరు. దరఖాస్తు పెట్టుకోవడానికి ఆవిడకి మెట్రిక్ కూడా లేదు. బొంబాయిలో అన్నయ్య దగ్గరుండి కుట్టుపని నేర్చుకుంది. మద్రాసు తిరిగొచ్చి, ట్రిప్లికేన్‌లో కొద్దిపాటి పింఛనుకి తోడు బట్టలు కుడుతూ, ఆడపిల్లలకి కుట్టు నేర్పుతూ బతికింది. 1994లో పోయింది.