రాజశేఖరుని యిల్లు - వీరేశలింగం పంతులుగారి యిల్లు

తెలుగున నవలకు త్రోవ తీసిన కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగవ యేటనే తండ్రి సుబ్బారాయుడుగారు గతింపగా, తల్లి పున్నమ్మగారును పెదతండ్రిగారును వారిని పెంచిరి. చిన్ననాట దయ్యములయందును మంత్రములయందును ఉండిన నమ్మకము చదువుతోడను అనుభవముతోడను సడలిపోయినది.

1874లో పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాల నెలకొల్పిరి. ఆ యేడే వివేకవర్ధనీ పత్రికను వెలువరించిరి. 1878లో ఆ పత్రికయందే రాజశేఖర చరిత్రము ప్రకటింపబడి, 1880లో గ్రంథరూపము దాల్చినది. ఐర్లండు దేశీయుడగు గోల్డుస్మిత్తు కథయొక్క ఛాయ యున్నను, అందలి యిల్లు ముమ్మాటికి తెలుగిల్లే. రాజశేఖరుడు ధర్మాత్ముడు, కాని ముఖస్తుతికి లొంగువాడు. బంగారము చేసెదనన్న బైరాగిని నమ్మి, ఉన్నది పోగొట్టుకొని, ఆలుబిడ్డలతో ఊరు విడిచెను. తండ్రి నమ్మకమునకు వెల బిడ్డలు చెల్లించిరి.

ఆ కథలో పెద్దకూతురు రుక్మిణి భర్త మరణించెనని వార్త వచ్చును. తుదకు అతడు జీవించియే వచ్చును. కల్పనలో చిక్కు అట్లు సులువుగా విడిపోయినది. లోకములో మరణించిన భర్తలు తిరిగి వచ్చువారు కారు గదా! ఆ చిక్కును పంతులుగారు తమ బ్రతుకున ఎదుర్కొనిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తమ యింటనే తొలి వితంతు వివాహము జరిపించిరి. పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. బంధువులు వెలివేసిరి, వంటవారును నీళ్లు తెచ్చువారును మానిరి. అప్పుడు ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే వండి, తామే నీళ్లు మోసిరి. కాలము మారినదని గ్రంథమున వ్రాయుట యొక యెత్తు, ఆ మార్పును వంటయింట మోయుట మరియొక యెత్తు. ఆ బరువులో అధికభాగము ఆ యిల్లాలిదే.

ఆ దంపతులకు సంతానము లేదు. 1906లో పంతులుగారు హితకారిణీ సమాజమును స్థాపించి తమ ఆస్తిని దానికి ధారపోసిరి. కొడుకులకు పోవలసిన సొత్తు దిక్కులేని ఆడుబిడ్డలకు చేరినది. 1910లో రాజ్యలక్ష్మమ్మగారును, 1919 మే 27వ తేదీన చెన్నపట్టణమున పంతులుగారును పరమపదించిరి.

తమ కవుల చరిత్రమున మన నెల్లూరి తిక్కన సోమయాజి చరిత్రను గూడ పంతులుగారు శ్రద్ధతో కూర్చిరి. పెన్న యొడ్డున, సముద్రపు టంచున గల పల్లెలలో నేటికిని తండ్రి మాటకును చదివిన బిడ్డ మాటకును పొత్తు కుదరని యిండ్లు కలవు. అట్టి యింట రాజశేఖర చరిత్రమును ముందు తండ్రియు, పిదప బిడ్డయు చదువుదురుగాక.