బెంజమిన్ థాంప్సన్ (కౌంట్ రమ్‌ఫర్డ్)

బెంజమిన్ థాంప్సన్, కౌంట్ రమ్‌ఫర్డ్ (మార్చి 26, 1753 - ఆగష్టు 21, 1814) అమెరికాలో జన్మించి ఐరోపాలో ప్రసిద్ధి పొందిన భౌతిక శాస్త్రవేత్త, పరిపాలకుడు. ఉష్ణము ఒక పదార్థము కాదని ప్రయోగపూర్వకంగా వాదించినవారిలో ముఖ్యుడు. శీతల దేశాలలో ఇళ్ళను వెచ్చగా ఉంచే గోడపొయ్యిని (ఫైర్‌ప్లేస్) శాస్త్రీయ పద్ధతిలో సంస్కరించాడు.

బాల్యము, వివాహము

ఇతడు మసాచుసెట్స్‌లోని వోబర్న్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. పసితనంలోనే తండ్రి మరణించాడు. పదమూడవ ఏట సేలం పట్టణంలో ఒక వర్తకుని వద్ద పనికి చేరాడు. 1772లో సారా వాకర్ రోల్ఫ్ అనే ధనిక వితంతువును వివాహమాడాడు. వీరికి 1774లో ఒక కుమార్తె జన్మించినది.

స్వదేశమును వీడుట

అమెరికా స్వాతంత్ర్య పోరాట కాలంలో థాంప్సన్ బ్రిటిష్ పక్షము వహించి, వారికి రహస్య సమాచారము అందజేశాడు. స్థానికుల ఆగ్రహానికి గురై 1774లో భార్యను, పసిబిడ్డను విడిచి పారిపోయాడు. 1776లో లండన్ చేరాడు. భార్య 1792లో మరణించినది. ఆమెను ఇతడు తిరిగి చూడలేదు. కుమార్తె 1796లో తండ్రిని చేరుకొన్నది.

బవేరియాలో

1784 నుండి బవేరియా పాలకుడైన కార్ల్ థియొడోర్ కొలువులో పనిచేశాడు. 1790లో మ్యూనిక్ నగరంలోని బిచ్చగాళ్ళను నిర్బంధంగా ఒక కార్మికశాలకు తరలించి, వారికి ఆహారము, పని కల్పించాడు. వందలమందికి వంట చేయవలసి రావడంతో కట్టెల పొదుపు ఇతని ముఖ్య సమస్య అయినది. మంటను ఇటుకలతో కప్పి, వేడి వృథా కాని వంటపొయ్యిలను కట్టించాడు. ఇతని సేవలకు గాను కౌంట్ బిరుదు లభించినది.

గోడపొయ్యి సంస్కరణ

1795లో లండన్ వచ్చిన రమ్‌ఫర్డ్ అక్కడి గోడపొయ్యిలను పరిశీలించాడు. అవి లోతుగా, చతురస్రాకారంలో ఉండేవి. మంట వేడిలో అధిక భాగము గదిలోని వెచ్చని గాలితో కలిసి పొగగొట్టము ద్వారా పైకి పోయేది. ఆ లోటు తీర్చడానికి తలుపు సందులనుండి చలిగాలి లోనికి వచ్చేది. పొగ కూడా తరచు గదిలోకి తిరిగివచ్చేది.

దీనికి ఇతడు సూచించిన పరిష్కారము సులువైనది. పాత పొయ్యిని పడగొట్టకుండా, దాని లోపలే ఇటుకలు పేర్చి లోతు తగ్గించాలి. ప్రక్కగోడలను ఏటవాలుగా కట్టాలి. అప్పుడు మంటనుండి వెలువడే వేడి గదివైపు ప్రసరిస్తుంది. పొగగొట్టపు కంఠమును సుమారు 4 అంగుళాలకు కుదించాలి. అందువల్ల పొగ వేగంగా పైకి పోతుంది. ఈ పద్ధతిని 1796లో ఒక వ్యాసంగా ప్రచురించాడు. అందరికీ ఉపయోగపడాలని పేటెంటు తీసుకొనలేదు. నేడు పాత గోడపొయ్యిలలో అమర్చే ఇనుప స్టవ్‌లు, రంపపుపొట్టును అదిమి చేసిన గుళికలను మండించే పెల్లెట్ స్టవ్‌లు కూడా ఇదే సమస్యకు పరిష్కారాలు. అయితే రమ్‌ఫర్డ్ పొయ్యిలో మంట తెరచియే ఉండేది, వీటిలో అది మూసి ఉంటుంది.

ఉష్ణ సిద్ధాంతము

మ్యూనిక్ ఆయుధశాలలో ఫిరంగి గొట్టాలను తొలిచేటప్పుడు అంతులేని వేడి పుట్టడం గమనించి, ఉష్ణము చలనము యొక్క రూపమేనని 1798లో రాయల్ సొసైటీకి నివేదించాడు. 1799లో లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపనకు ముఖ్య కారకుడయ్యాడు.

చివరి దశ

తరువాత పారిస్‌లో రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ భార్య అయిన మారీ ఆన్‌ను వివాహమాడాడు. లావోయిజర్ 1794లోనే మరణించాడు. ఈ వివాహము విఫలమై ఇద్దరూ విడిపోయారు. పారిస్ సమీపంలోని ఓతై గ్రామంలో రమ్‌ఫర్డ్ మరణించాడు. తాను ఎదిరించిన దేశంలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి ఆచార్య పదవి నిమిత్తము ధనము వ్రాసి ఇచ్చాడు.

తెలుగునాట ఇటువంటి కృషి

తెలుగునాట పొయ్యి సమస్య చలిది కాదు, వంటింటి పొగది. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయ సంచాలకుడు డాక్టర్ ఎస్.పి.రాజు పొగగొట్టము గల మట్టిపొయ్యిని రూపొందించి, పొగలేని వంటిళ్ళ గురించి 1953లో ఆంగ్లంలో ఒక పుస్తకము ప్రచురించాడు. కట్టెలు ఆదా కావాలి, పొగ బయటకు పోవాలి అనే రమ్‌ఫర్డ్ లక్ష్యాలే ఇందులోనూ కనిపిస్తాయి.