పరేల్ చాల్‌లో అద్దెకున్న బాబాసాహెబ్

రాజగృహ ఫోటోలు మనందరం పంచుకుంటాం. పుస్తకాల కోసం కట్టుకున్న ఇల్లని గొప్పగా చెప్పుకుంటాం. కానీ అంబేడ్కర్ పెద్ద పోరాటాలు చాలావరకు మొదలైంది అంతకు ముందున్న అద్దె గదుల్లో, పరేల్‌లోని బీఐటీ చాల్‌లో.

1896లో బొంబాయిలో ప్లేగు వచ్చింది. నెపం పేదల ఇరుకు వాడల మీద పడింది. 1898లో ప్రభుత్వం బాంబే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టింది. ట్రస్టు వాడల్ని కూల్చింది, కూల్చినన్ని ఇళ్లు మాత్రం కట్టలేదు. కట్టినవే ఈ చాల్‌లు. పొడవాటి వరండా, వరసగా గదులు, అందరికీ ఉమ్మడి కుళాయిలు, మరుగుదొడ్లు. ఏ వాడ కూల్చాలి, గది ఎంతుండాలి, అద్దె ఎంత అనేవి నిర్ణయించే చోట అద్దెకుండేవాళ్లకు కుర్చీ లేదు.

అంతకుముందు అంబేడ్కర్ కుటుంబానిది డబక్ చాల్‌లో ఒకే గది. తండ్రి రాంజీ కొడుకును పెందలాడే పడుకోబెట్టి, రాత్రి రెండింటికి లేపి చదివించేవారు. ఇల్లంతా నిద్రపోతేనే చదువుకు చోటు. 1912 ప్రాంతంలో బీఐటీ చాల్‌లో రెండు గదులు దొరికాయి. అమెరికా, లండన్ చదువుల కాలం పోను, 1934 దాకా అదే ఇల్లు. ఒక గదిలో రమాబాయి, పిల్లలు, వంట. రెండో గదిలో పుస్తకాలు, వచ్చేపోయే జనం. చిన్న కొడుకు రాజరత్న 1926లో చనిపోయాడు. ఆ మరుసటి ఏడాదే మహాడ్. రౌండ్ టేబుల్ సమావేశాలకు లండన్ ఓడ ఎక్కేనాటికి కూడా ఆయన చిరునామా ఈ చాలే.

చాల్ గురించి రాసేవాళ్లు కుళాయిల దగ్గరే ఆగిపోతారు. నాకు అసలు విషయం ఓటు. ఆ రోజుల్లో ఆస్తి, పన్ను, ఇంటి అద్దె చూసి ఓటు ఇచ్చేవారు. తక్కువ అద్దె గదిలో బతికేవాడికి, ఆ గది మీద చట్టం చేసేవాణ్ణి ఎన్నుకునే హక్కు లేదు. 1928లో సైమన్ కమిషన్ ముందు, తర్వాత లండన్‌లో, అంబేడ్కర్ వయోజనులందరికీ ఓటు అడిగారు.

1942లో వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖ ఆయన చేతికొచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో ధన్‌బాద్ వెళ్లి బొగ్గు గనిలోకి దిగారు, కార్మికుల ఇళ్లు చూశారు. 1944లో బొగ్గు మీద సుంకంతో సంక్షేమ నిధి వచ్చింది. ఇళ్లు, నీళ్లు, వైద్యం దాని పనులు. సలహా సంఘంలో గని యజమానులతో పాటు కార్మికుల ప్రతినిధులకూ చోటిచ్చారు. ఎవరి ఇళ్ల గురించి మాట్లాడుతున్నారో, వాళ్ల మనుషులు ఇప్పుడు ఆ బల్ల దగ్గర ఉన్నారు.

రాజ్యాంగం 326వ అధికరణతో అద్దె లెక్క చూసే ఓటు పోయింది. మొదటి సార్వత్రిక ఎన్నికల్లో చాల్‌లో ఉండేవాళ్లు కూడా వరుసలో నిలబడి ఓటేశారు. ఆ ఎన్నికల్లో బొంబాయి నుంచి లోక్‌సభకు పోటీ చేసిన అంబేడ్కర్ ఓడిపోయారు.