పెండ్లిపందిట తెలుగు పలికించిన కవిరాజు

మనిషి నోటిమాటకు విలువ హెచ్చే తావులు మూడు కలవు. దైవసన్నిధి మొదటిది, న్యాయస్థానం రెండవది, ప్రజాసభ మూడవది. సంతలో అన్న మాటను మరునాడు మరచిపోవచ్చును గాని ఈ మూడుచోట్ల పలికిన మాటకు మనిషి జీవితాంతం కట్టుబడి ఉండవలసిందే. విచిత్రమేమనగా, సామాన్యుని ఇంటిభాషకు చిరకాలం ప్రవేశం లేనిదీ ఈ మూడుచోట్లనే. పెండ్లిలో, పూజలో సంస్కృతం. కచేరీలో మొదట పారశీకం, పిమ్మట ఇంగ్లీషు. పాలకుల సభలలోనూ ఇంగ్లీషే. తెలుగు పొలానికీ, అంగడికీ, వంటింటికీ పరిమితమైంది. ఈ కట్టుబాటును ప్రశ్నించినవారిలో ఒకరు మన నందివెలుగుకు చేరువలోనే, తెనాలి పట్టణంలో నివసించారు. ఆయనే కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి.

రామస్వామి చౌదరిగారు 1887 జనవరి 15వ తేదీన కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతంలోని అంగలూరులో, ఒక రైతు కుటుంబంలో జన్మించారు. ఆనాటి వ్యవసాయ కుటుంబాలలో చదువుపై ఆసక్తి అరుదు. సాహిత్యంపై ఆసక్తి మరీ అరుదు. అట్టి వాతావరణంలో పెరిగిన ఈ యువకుడు పద్యరచనలో అసాధారణమైన ప్రజ్ఞ చూపాడు. ఇరవై మూడు, ఇరవై నాలుగేండ్ల ప్రాయానికే కారెంపూడి కదనం, కురుక్షేత్ర సంగ్రామం అనే నాటకాలు రచించారు. బందరు నోబుల్ కళాశాలలో చదివే రోజులలో అవధానాలు చేసి పండితుల మెప్పు పొందారు. సంస్కృతాంధ్ర గ్రంథాలను లోతుగా చదివినవారు గనుకనే ఆయన తరువాతి విమర్శలను తెలియనివాని మాటలని ఎవరూ తోసివేయలేకపోయారు.

1914లో న్యాయశాస్త్ర విద్య కొరకు ఆయన ఐర్లండు దేశపు డబ్లిన్ నగరానికి వెళ్లారు. అప్పటి డబ్లిన్ స్వాతంత్ర్యాగ్ని రగులుతున్న నగరం. ఇంగ్లీషు పాలనలో మరుగున పడిపోయిన తమ ఐరిష్ భాషను తిరిగి నిలబెట్టుకొనేందుకు 1893లో స్థాపితమైన గేలిక్ లీగ్ అక్కడ పనిచేస్తూ ఉండేది. 1916 ఏప్రిల్‌లో అదే నగరంలో ఐరిష్ దేశభక్తులు తిరుగుబాటు చేశారు. ఆ దినాలలోనే మన రైతుబిడ్డ అక్కడ న్యాయశాస్త్రం అభ్యసించాడు. స్వదేశంలో అనీబిసెంటు నడిపిన హోంరూల్ ఉద్యమాన్ని బలపరుస్తూ అక్కడినుండి కృష్ణాపత్రికకు వ్రాసేవారు. 1917లో తిరిగివచ్చి కొన్నేండ్లు బందరులో న్యాయవాదిగా ఉండి, 1922 ప్రాంతంలో తెనాలికి తరలివచ్చారు. తెనాలిలోని ఆయన గృహం సూతాశ్రమం అన్న పేరుతో ప్రసిద్ధికెక్కింది.

ఆ పేరులోనే ఒక ఆశయం ఉన్నది. నైమిశారణ్యంలో మునులకు పురాణాలు వినిపించిన సూతుడు పుట్టుకచేత బ్రాహ్మణుడు కాడు. ఆ సూతుని పేరుతోనే చౌదరిగారు సూతపురాణం అనే పద్యకావ్యాన్ని రచించి, పురాణగాథలను హేతువు అనే గీటురాయిపై పరీక్షించారు. శంబూకవధ నాటకంలో తపస్సు చేసిన నేరానికి ప్రాణం కోల్పోయిన శూద్రుని పక్షాన నిలిచారు. వేనరాజు కథను ఖూనీ అన్న పేరుతో నాటకంగా వ్రాశారు. అదే వేనుని కథను విశ్వనాథ సత్యనారాయణగారు వేనరాజు అనే నాటకంలో భిన్నమైన దృష్టితో చిత్రించారు. ఒకరిది ఖండనం, మరొకరిది సమర్థనం. అయితే ఆ వివాదం సాగినది తెలుగులో. పండితుల నడుమనే ఉండిపోవలసిన చర్చ నాటకరూపంలో సామాన్యుని చెవికి చేరింది. అక్షరం రానివాడు సైతం నాటకం చూచి తన అభిప్రాయం చెప్పగలిగాడు.

ఖూనీ అన్న పేరును ఉర్దూ చదివే మన విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. పారశీకంలో నెత్తురు అనే అర్థం గల ఖూన్ శబ్దం నుండి వచ్చిన ఈ మాట తెలుగు పల్లెలలో ఎంతగా స్థిరపడినదంటే, ఒక సంస్కృత పురాణకథపై వ్రాసిన తెలుగు నాటకానికి అది శీర్షిక కాగలిగింది. న్యాయవాదిగా చౌదరిగారు ప్రతిదినం వినే మాటలలో అనేకం ఈ కోవలోనివే: వకీలు, అర్జీ, దావా, జామీను, దస్తావేజు, రసీదు, జవాబు. రైతు నోట ఇవి తెలుగు మాటలుగానే పలుకుతాయి. వాడుకభాష అనేది ఒక మతానిదో, ఒక కులానిదో కాదు. కలిసి బ్రతికినవారందరూ కలిసి కూర్చుకొన్నది. గోల్కొండ కుతుబ్‌షాహీల పాలనలో ఫర్మానాలు పారశీకంతోబాటు తెలుగులోనూ వెలువడేవి. తొలి అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రను పొన్నికంటి తెలగన అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. జనులు మాట్లాడే భాషను ఆదరించడం ఈ గడ్డపై కొత్తగా వచ్చిన సంప్రదాయం కాదు.

కవిరాజు కృతులన్నింటిలో సామాన్యుల గృహజీవితాన్ని నేరుగా తాకినది వివాహవిధి. ఆనాటి పెండ్లిపందిటి స్థితిని ఒకసారి తలచుకొందాం. వరుడు, వధువు, వారి తలిదండ్రులు పీటలపై కూర్చుంటారు. పురోహితుడు సంస్కృత మంత్రాలు చదువుతాడు. ధర్మంలో, అర్థంలో, కామంలో భార్యను అతిక్రమించి నడవనని వరుడు ప్రమాణం చేస్తాడు. ఎంతో ఉదాత్తమైన ప్రమాణమది. అయితే చేసినవానికి తాను ఏమి ప్రమాణం చేశాడో తెలియదు. ఎవరికి చేశాడో ఆ వధువుకూ తెలియదు. సాక్షులుగా వచ్చిన బంధువులకూ తెలియదు. అరెకరం పొలం అమ్మినప్పుడు సైతం దస్తావేజు చదివి వినిపించి, అర్థమైనదని చెప్పించుకొని గాని వేలిముద్ర వేయించరు. ఒక నిండుజీవితాన్ని మరొక జీవితంతో ముడివేసే ఒప్పందానికి ఆ పాటి జాగ్రత్త లేకపోయింది.

ఈ లోపాన్ని సరిదిద్దుటకే చౌదరిగారు వివాహమంత్రాల భావాన్ని అందరికీ తెలిసే తెలుగులో కూర్చి, వివాహవిధిగా ప్రచురించారు. పుస్తకం వ్రాసి ఊరకుండలేదు. విదేశంలో చదివివచ్చిన న్యాయవాది తానే పౌరోహిత్యం వహించి అనేక వివాహాలు జరిపించారు. తన వెనుక ఈ పని కొనసాగించేందుకు శిష్యులకు శిక్షణ ఇచ్చారు. ఆ పద్ధతిలో తంతు క్లుప్తమైంది. కాలం ఆదా అయింది. అన్నిటికంటె ముఖ్యంగా, పందిట కూర్చున్న ఆడపిల్ల తనకు ఏమి వాగ్దానం లభిస్తున్నదో తన చెవులతో విని గ్రహించింది. వాగ్దానం తెలిసినవారికే అది భంగమైన నాడు నిలదీసి అడిగే హక్కు ఉంటుంది. భాష మారినందువల్ల కలిగిన అసలు మార్పు ఇదే.

దీనికి ఆనాడు వచ్చిన అభ్యంతరాలను తేలికగా తీసివేయరాదు. మంత్రశక్తి దాని శబ్దంలోనే ఉన్నదనీ, అనువాదంలో అది నిలువదనీ శ్రద్ధాళువుల విశ్వాసం. సంస్కృతం ఒక్కటే దేశమంతటినీ ఒకే కర్మకాండతో కలిపి ఉంచుతున్నదని మరికొందరి వాదం. వేల ఏండ్లుగా తాతముత్తాతలు విన్న శబ్దాన్ని మనుమలు కూడా వినడంలో ఒక ఆత్మీయత ఉన్నదన్నదీ నిజమే. అయితే ఆరాధనకూ, ఒప్పందానికీ భేదమున్నది. ఆరాధనలో మనిషి పరవశించవచ్చు. ఒప్పందంలో మేలుకొని ఉండాలి. ఈ భేదం మన ఎదుటనే మరొక రూపంలో కనబడుతున్నది. నిఖాలో ఖుత్బా అరబ్బీలో సాగినప్పటికీ, ఈజాబు, ఖబూలు అనే ప్రతిపాదనాంగీకారాలు ఉభయపక్షాలకూ, సాక్షులకూ అర్థం కావలసి ఉన్నది. మహర్ ఎంతో స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. గుంటూరు, కృష్ణా మండలాల పల్లెలలో తెలుగే ఇంటిభాషగా గల ముస్లిం కుటుంబాలు అనేకం. అట్టి ఇండ్లలో ఆ ప్రశ్న తెలుగులో అడిగినప్పుడే వధువు సమ్మతికి నిండుతనం కలుగుతుంది.

ఈ ప్రశ్న మన ప్రాంతానికే పరిమితమైనది కాదు. 16వ శతాబ్దంలో మార్టిన్ లూథర్ బైబిలును జర్మను ప్రజల భాషలోకి తెచ్చాడు. 18వ శతాబ్దంలో ఢిల్లీ విద్వాంసుడు షా వలీయుల్లా దివ్యఖురానును ఆనాటి చదువరుల భాషయైన పారశీకంలోకి అనువదించాడు. ఆయన కుమారుడు షా అబ్దుల్ ఖాదిర్ అదే శతాబ్దం చివర ఉర్దూలోకి తెచ్చాడు. 20వ శతాబ్దంలో చిలుకూరి నారాయణరావుగారు ఖురానును తెలుగు చేశారు. 1960లలో రోమన్ కాథలిక్ చర్చి సైతం లాటిను స్థానంలో ప్రజల భాషలలో పూజకు అనుమతినిచ్చింది. పొరుగున తమిళదేశంలో పెరియార్ రామస్వామి నాయకర్ ప్రోత్సహించిన పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహాలకు 1967లో చట్టం గుర్తింపునిచ్చింది. వీరి మతాలు వేరు, మార్గాలు వేరు. చౌదరిగారి వలె హేతువాదులు కొందరు, పరమ భక్తులు కొందరు. అర్థం తెలియవలెనన్న కోరిక మాత్రం అందరిలోనూ ఒక్కటే.

చౌదరిగారి ప్రజాజీవితం గ్రంథరచనతో ముగియలేదు. 1920ల నడిమి కాలంలో తెనాలి పురపాలక సంఘంలో ప్రవేశించి, అధ్యక్షపదవిని అలంకరించారు. గంగానమ్మ జాతరలో జరిగే జంతుబలిని పట్టుబట్టి మాన్పించారు. ఇది అనేకులకు ఆగ్రహం కలిగించింది. అవిశ్వాస తీర్మానం వచ్చి ఆయన పదవి పోయింది. ఆయన వెనుదీయలేదు, అనంతరం మరల ఆ పదవిని పొందారు. ప్రజల నమ్మకాలను ప్రశ్నించేవాడు ప్రజల ఓటుపైనే ఆధారపడి నిలవడం కత్తిమీద సాము వంటిది. తాను చెప్పదలచినది ప్రజల భాషలో చెప్పగలవాడు గనుకనే ఆయన ఓడినచోటనే గెలువగలిగారు. ఆంధ్ర మహాసభ 1929లో ఆయనను కవిరాజు బిరుదంతో గౌరవించింది.

ఒక సంగతి నిష్పాక్షికంగా చెప్పుకోవాలి. గిడుగు రామమూర్తి పంతులుగారి వలె చౌదరిగారు వ్యావహారిక భాషోద్యమానికి నాయకులు కారు. ఆయన కావ్యభాష ఛందోబద్ధమైన, వ్యాకరణశుద్ధి గల గ్రాంథికమే. గిడుగువారు పాఠ్యపుస్తకంలోకి వాడుకభాష రావాలని పోరాడితే, చౌదరిగారు పెండ్లిపందిటిలోకి తెలుగు రావాలని పాటుపడ్డారు. ఆనాటి జనానికి పద్యం పరాయిది కాదు. పౌరాణిక నాటకపద్యాలను పశువులకాపరులు సైతం పాడుకొన్న కాలమది. ప్రజలు విని గ్రహించగల రూపాన్నే ఆయన ఎన్నుకొన్నారు. వచనానికి వాడుకభాషను వినియోగించే పని ఆయన కుమారుడు గోపీచంద్ వంతుకు వచ్చింది. 1940వ దశకంలో వెలువడిన అసమర్థుని జీవయాత్ర నవలను, ప్రశ్నించడం నేర్పిన తన తండ్రికే గోపీచంద్ అంకితమిచ్చారు. తండ్రికి ఇంతకు మించిన గౌరవం ఏ కుమారుడు ఇవ్వగలడు?

కవిరాజు 1943 జనవరి 16వ తేదీన, తమ 56వ జన్మదినం గడచిన మరునాడే పరమపదించారు. శతజయంతి సంవత్సరమైన 1987లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్ల విడుదల చేసింది. హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై తెలుగు వెలుగుల నడుమ ఆయన విగ్రహం నిలిచి ఉన్నది. అయితే తెనాలి ప్రాంతంలో తెలుగు మాటలతో జరిగే ప్రతి పెండ్లీ అంతకన్న సజీవమైన స్మారకం.

ఆయన కాలానికీ, మన కాలానికీ నడుమ ఎన్నో మార్పులు వచ్చాయి. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టం తెలుగును పాలనాభాషగా ప్రకటించింది. 2022లో చేసిన సవరణతో రాష్ట్రమంతటా ఉర్దూ రెండవ అధికారభాష అయింది. చట్టం తలుపు తెరచింది. అయినప్పటికీ ఉన్నత న్యాయస్థానపు తీర్పు మన పల్లెవాసికి ఇంగ్లీషులోనే అందుతున్నది. బ్యాంకు కాగితం, ఆసుపత్రి అంగీకారపత్రం చదువకుండానే సంతకం చేసే చేతులు నేటికీ అనేకం. సంస్కృతానికి బదులు ఇంగ్లీషు కూర్చున్నదన్న మాటే గాని పీటపై కూర్చున్నవాని స్థితి పెద్దగా మారలేదు.

విద్యార్థినీ విద్యార్థులారా! మీరు రెండు భాషల ఒడిలో పెరుగుతూ, మూడవ భాషలో విద్య నేర్చుకొంటున్నారు. కవిరాజు పురాణ విమర్శలన్నింటితో ఏకీభవించవలసిన పని లేదు. ఆయన అట్టి ఏకీభావాన్ని కోరిన వ్యక్తీ కాదు. ఆయన నుండి గ్రహించవలసినది ఒక చిన్న అలవాటు. మనం పలికేదాని అర్థం మనకు తెలిసి పలకాలి. సంతకం చేసేదాని భావం గ్రహించి సంతకం చేయాలి. మీ ఇంటిలో, మీ వీధిలో ఆ కాగితం చదువలేని పెద్దలు ఉంటే వారి పక్కన కూర్చుని, తెలుగులోనో ఉర్దూలోనో, వారి ఇంటిమాటలో వివరించండి. ఒక న్యాయవాది పందిటి కింద కూర్చుని పౌరోహిత్యం చేయగలిగినప్పుడు, చదువుకొన్న మనకు ఈ మాత్రం సేవ భారం కానేరదు.