డాఫడిల్స్ చూసింది ఇద్దరు

ఇంటర్లోనో డిగ్రీలోనో ఇంగ్లిష్ చదివిన వాళ్లకి వర్డ్స్‌వర్త్ 'డాఫడిల్స్' పద్యం గుర్తుండే ఉంటుంది. జగిత్యాలలో చదివినా, కోరుట్లలో చదివినా, సిరిసిల్లలో చదివినా పాఠం అదే, గైడు అదే. కవి ఒంటరిగా తిరుగుతుంటాడు. నీటి ఒడ్డున పసుప్పచ్చని పూలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. తర్వాత ఎప్పుడు దిగులేసినా ఆ పూలు మనసులో మెదిలి ఆనందం కలుగుతుంది. పరీక్షకి ఇంత రాస్తే చాలు.

కానీ ఆ రోజు ఆయన ఒంటరిగా లేడు. పక్కన చెల్లెలుంది. 1802 ఏప్రిల్ 15న, గాలి జోరుగా వీస్తుండగా, అల్స్‌వాటర్ సరస్సు పక్కన గౌబరో అనే చోట అడవి అంచున ఇద్దరూ నడుస్తూ ఆ పూలు చూశారు. ఇంటికొచ్చాక చెల్లెలు తన నోటు పుస్తకంలో అంతా రాసిపెట్టింది. రాళ్ల మీద తల వాల్చిన పూలెట్లా ఉన్నాయో, గాలికి ఊగే పూలెట్లా ఉన్నాయో కూడా వదల్లేదు. అన్న పద్యం రాసింది 1804లో, అచ్చయింది 1807లో. పద్యంలో చెల్లెలు లేదు.

ఆమె పేరు డొరొతీ వర్డ్స్‌వర్త్. 1771 డిసెంబర్ 25న, క్రిస్మస్ నాడు, ఇంగ్లాండు ఉత్తరాన కాకర్‌మౌత్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. తండ్రి వకీలు. ఐదుగురు పిల్లల్లో ఆడపిల్ల ఈమె ఒక్కతే. విలియం ఆమె కంటే ఏడాదిన్నర పైచిలుకు పెద్ద. ఆరేళ్లప్పుడు తల్లి పోయింది. మగపిల్లలకు తండ్రి ఇల్లే ఇల్లుగా మిగిలింది. ఆడపిల్లను మాత్రం హాలిఫాక్స్‌లో అమ్మ తరఫు బంధువుల ఇంటికి పంపేశారు. అక్కడ బాగానే చూసుకున్నారు. కానీ తండ్రి బతికుండగా మళ్లీ ఒక్కసారి కూడా ఆమెను పుట్టింటికి పిలవలేదు. ప్రతి ఏడూ పుట్టినరోజూ పండగా కలిసే వచ్చేవి, పిలుపు మాత్రం రాలేదు. 1783లో తండ్రి కూడా పోయాడు.

అన్నదమ్ముల్ని మళ్లీ చూసింది 1787లో, తొమ్మిదేళ్ల తర్వాత. పెన్రిత్‌లో అమ్మమ్మ తాతయ్యలకు బట్టల దుకాణం ఉండేది. పదిహేనేళ్ల డొరొతీ అక్కడ దిక్కులేని బంధువుగా చొక్కాలు కుట్టుకుంటూ, మాటలు పడుతూ ఉండింది. నౌకర్లకి కూడా ఆ పిల్లలంటే లోకువే. ఎప్పుడో ఒకప్పుడు అన్నతో కలిసి ఒక చిన్న ఇంట్లో ఉండాలని కోరిక పుట్టింది అక్కడే. తర్వాత మేనమామ ఇంట్లో ఆయన పిల్లల్ని పెంచుతూ ఐదారేళ్లు గడిపింది.

1794లో, ఇరవై రెండేళ్లప్పుడు, విలియంతో కలిసి కెండల్ నుంచి గ్రాస్‌మియర్‌కి నడిచింది. 18 మైళ్లు, అంటే 29 కిలోమీటర్లు. మన లెక్కలో జగిత్యాల నుంచి కోరుట్ల దాకా నడిచి, ఇంకా కొంచెం ముందుకు పోయినట్టు. అక్కణ్నుంచి కెజిక్‌కి మరో 15 మైళ్లు. పక్కనున్నది సొంత అన్నే అయినా బంధువులకు నచ్చలేదు. మిసెస్ క్రాకన్‌థార్ప్ అనే చుట్టం, ఆడపిల్ల కాలినడకన ఊళ్లంట తిరగడమేమిటని మందలిస్తూ ఉత్తరం రాసింది. డొరొతీ మర్యాదగానే బదులిచ్చింది కానీ తగ్గలేదు. ప్రకృతి ఇచ్చిన బలాన్ని వాడుకునే ధైర్యం ఉన్నందుకు సంతోషించాల్సింది పోయి తప్పు పడతారా అంది. గుర్రబ్బండిలో కూర్చుంటే దొరకని ఆనందం నడకలో దొరికింది, పైగా ముప్ఫై షిల్లింగులు మిగిలాయి అని లెక్క కూడా చెప్పింది. ఆ ముప్ఫై షిల్లింగుల మాట నాకు భలే నచ్చుతుంది. చేతిలో డబ్బు లేని ఆడవాళ్లకు ఆ లెక్క విలువ తెలుసు.

మన దగ్గర బతుకమ్మ రోజుల్లో ఆడవాళ్లు తెల్లారకముందే తంగేడు, గునుగు కోసం చెలకల వెంట, చెరువు కట్టల వెంట తిరుగుతారు. అప్పుడు ఎవరూ ఏమీ అడగరు. మిగతా రోజుల్లో పనేమీ లేకుండా ఒక్కతే పొలం బాటన కనిపిస్తే, ఎటు పోతున్నవ్ బిడ్డా అని కనీసం నలుగురైనా అడుగుతారు. కలుపుకో కోతకో పోతున్నానంటే సరే. ఊరికే నడుస్తున్నానంటే మాత్రం అనుమానమే. ఆనాటి ఇంగ్లాండులోనూ అంతే. కాలినడకన పోయేది పేదవాళ్లు, బిచ్చగాళ్లు, సిపాయిలు. మర్యాదస్తుల ఇంటి ఆడపిల్ల బండెక్కాలి.

1795లో ఒక స్నేహితుడు పోతూ విలియం పేర 900 పౌండ్లు రాసిపోయాడు. దాంతో అన్నాచెల్లెళ్ల కల నెరవేరింది. మొదట డార్సెట్‌లో, తర్వాత సోమర్సెట్‌లో ఇల్లు దొరికింది. అక్కడ కవి కోల్‌రిడ్జ్ స్నేహితుడయ్యాడు. ముగ్గురూ రాత్రీ పగలూ గుట్టల వెంట, వాగుల వెంట తిరిగేవారు. ఫ్రాన్సుతో యుద్ధం జరుగుతున్న రోజులవి. పనీ పాటా లేకుండా చీకట్లో వాగు గట్టున తిరిగేవాళ్లు గూఢచారులే అయ్యుంటారని ఊరివాళ్లకి అనుమానం వచ్చింది. 1797లో ప్రభుత్వం నిజంగానే ఒక మనిషిని పంపి ఆరా తీయించింది!

1799 డిసెంబర్‌లో గ్రాస్‌మియర్‌లో ఒక పాత సత్రాన్ని అద్దెకు తీసుకున్నారు. ఇప్పుడు దాన్ని డవ్ కాటేజ్ అంటారు. 1800 మే 14న డొరొతీ రోజువారీ సంగతులు రాయడం మొదలుపెట్టి 1803 జనవరి దాకా రాసింది. ఆ పుస్తకం చదివితే మనింటి సంగతిలాగే ఉంటుంది. రొట్టె కాల్చడం, బట్టలుతకడం, బఠాణీ పాదులు పెట్టడం, అన్నకు తలనొప్పి, తనకు తలనొప్పి, అన్న పద్యాలు శుభ్రంగా తిరగరాయడం. మధ్యలో నడక. ఉత్తరాల కోసం నాలుగు మైళ్ల దూరంలోని ఆంబుల్‌సైడ్‌కి. కోల్‌రిడ్జ్‌ని చూడ్డానికి పదమూడు మైళ్ల దూరంలోని కెజిక్‌కి. ఏ పనీ లేకపోతే సరస్సు చుట్టూ. ఈజ్‌డేల్ లోయ అంటే ఆమెకు ప్రాణం.

దారిలో ఎదురైన వాళ్లందరితో మాట్లాడేది. బిడ్డను చంకనెత్తుకున్న బిచ్చగత్తె, ఓడ దిగిన నావికుడు, జలగలు పట్టి అమ్ముకునే ముసలాయన. ఆ జలగల ముసలాయన సంగతి ఆమె 1800లో రాసుకుంది. 1802లో అన్న దాన్ని గొప్ప పద్యం చేశాడు. అన్న దొంగిలించాడని కాదు. ఆమే ఇష్టంగా చదివి వినిపించేది. అయినా కళ్లు ఎవరివి, పేరు ఎవరిది అనే ప్రశ్న రాకుండా పోదు.

1802 అక్టోబర్ 4న విలియం పెళ్లి చేసుకున్నాడు. పెళ్లికూతురు మేరీ, డొరొతీకి చిన్ననాటి స్నేహితురాలే. అయినా పెళ్లి చూడ్డానికి ఆమె చర్చికి వెళ్లలేకపోయింది. ముందు రాత్రి పెళ్లి ఉంగరం తన వేలికే పెట్టుకుని పడుకుంది. పెళ్లయిందన్న కబురు వచ్చేదాకా మంచం మీద కదలకుండా పడి ఉంది. తర్వాత ముగ్గురూ ఒకే ఇంటికి వచ్చారు. దాదాపు యాభై ఏళ్లపాటు కలిసే ఉన్నారు. వదినా ఆడబిడ్డల మధ్య పొరపొచ్చాల కథలేమీ లేవు. మేరీకి ఐదుగురు పిల్లలు. వాళ్లను పెంచింది ఇద్దరూ కలిసే. 1805లో తమ్ముడు జాన్ ఈస్టిండియా కంపెనీ ఓడకు కెప్టెన్‌గా మన దేశం వైపు బయల్దేరి, ఇంగ్లాండు తీరం దాటకముందే ఓడ మునిగి చనిపోయాడు. 1812లో మేరీ పిల్లలిద్దరు పోయారు. ఆ మరుసటేడు కుటుంబం రైడల్ మౌంట్ అనే ఇంటికి మారింది.

డొరొతీకి అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశ లేదు. 1808లో గ్రీన్ దంపతులు మంచు తుపానులో దారితప్పి చనిపోతే, వాళ్ల అనాథ పిల్లల కోసం చందాలు పోగుచేయాలని ఆ కథంతా రాసింది. అచ్చు వేద్దామని మిత్రులంటే ఒప్పుకోలేదు. పిల్లలు బతికుండగా వాళ్ల కష్టం బజారున పడొద్దంది. రచయిత్రినని చెప్పుకోవడం తనకు ఇష్టం లేదనీ అంది. ఆ రచన బయటికొచ్చింది 1936లో.

1818 అక్టోబర్ 7న, నలభై ఆరేళ్లప్పుడు, స్నేహితురాలు మేరీ బార్కర్‌తో కలిసి స్కాఫెల్ పైక్ ఎక్కింది. ఇంగ్లాండులో అన్నిటికన్నా ఎత్తైన కొండ అది, 978 మీటర్లు. దారి చూపడానికి ఒక గొర్రెల కాపరి వచ్చాడు. ఆడవాళ్లు ఆ కొండెక్కినట్టు రాతలో మిగిలిన తొలి సందర్భాల్లో ఇదొకటి. ఆమె రాసిన ఆ వర్ణన 1822లో విలియం ప్రయాణ పుస్తకంలో అచ్చయింది, ఆమె పేరు లేకుండానే. చదివినవాళ్లు ఆయనే ఎక్కాడనుకున్నారు.

1829లో అన్న కొడుకు ఇంట్లో ఉండగా పెద్ద జబ్బు చేసింది. మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. 1832లో మంచంలో ఉండి పాత నడకల గురించి ఒక పద్యం రాసుకుంది. 1835 నుంచి మతి తప్పడం మొదలైంది. కోపం, అరుపులు, ఎండాకాలంలో కూడా పొయ్యిలో నిప్పు కావాలని పట్టు. దాదాపు ఇరవై ఏళ్లు అలా గడిచాయి. అంత నడిచిన మనిషిని చక్రాల కుర్చీలో తోటలో తిప్పేవాళ్లు. వదినా అన్నా ఏనాడూ ఆమెను బయటికి పంపే ఆలోచన చేయలేదు. విలియం 1850లో పోయాడు. డొరొతీ 1855 జనవరి 25న, ఎనభై మూడేళ్ల వయసులో రైడల్ మౌంట్‌లోనే కన్నుమూసింది. గ్రాస్‌మియర్ చర్చి ఆవరణలో అన్న సమాధి దగ్గరే ఆమెదీ ఉంది. నోటు పుస్తకాలు 1897లో చాలా కత్తిరింపులతో అచ్చయ్యాయి. ఇంటిపనుల సంగతులు ఎవరికి కావాలనుకున్నారో ఏమో, ఎక్కువగా అవే తీసేశారు. తర్వాతి ముద్రణల్లో తిరిగి చేర్చారు.

రైడల్ నుంచి గ్రాస్‌మియర్‌కి అడవి అంచున ఒక పాత బాట ఉంది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల శవాలను ఆ బాటనే చర్చికి మోసుకుపోయేవారు. ఇప్పుడు పిల్లలూ పెద్దవాళ్లూ తీరిగ్గా నడుస్తారు, రెండు గంటలు చాలు. ఇంగ్లాండులో పొలం ఎవరిదైనా, మధ్యనుంచి పోయే నడకబాటకు చట్టం రక్షణ ఉంది. కంచె అడ్డమొస్తే దాటడానికి మెట్లో, చిన్న గేటో పెడతారు. మన ఊళ్లలో నక్షాలో బండ్లబాట ఉన్నా పొలంలో కనిపించక గొడవలు పడే వాళ్లకి ఈ ముక్క విడ్డూరంగా ఉంటుంది.

డాఫడిల్స్ చూసిన గౌబరో మాత్రం పోయేదే. అక్కడ బంగళాలు లేస్తాయన్న భయంతో జనం దగ్గర చందాలు పోగుచేసి 1906లో కొని, నేషనల్ ట్రస్టుకి అప్పగించారు. ఆ చందాల కోసం తిరిగిన వాళ్లలో ఆక్టేవియా హిల్ అనే మరో పెద్దావిడ ఉంది. ఇప్పటికీ ఏప్రిల్‌లో ఆ ఒడ్డున పూలు పూస్తాయి. కారు నిలిపితే డబ్బు కట్టాలి, నడిచి పోతే అక్కర్లేదు.