శ్రీ పాములపర్తి వేంకట నరసింహారావుగారు: భూపరిమితి, పరిశ్రమల విడుదల

ఉత్తర తెలంగాణమున భీమదేవరపల్లి మండలములో వంగర యను గ్రామము గలదు. ఇటీవలి జిల్లాల విభజనములో హనుమకొండ జిల్లాకు చేరినను, మొన్నమొన్నటి వరకు అది కరీంనగరు జిల్లాలోని యూరే. ఆ యూర ఒక భూవసతిగల కుటుంబమునకు దత్తుడుగా వచ్చిన బాలుడు భారతదేశమునకు ప్రధానమంత్రి యగుట ఈ ప్రాంతము వారందరెరిగినదే. కాని వారి జీవితమున ఒక విశేషము గలదు. ఏబది దాటిన వయస్సున ముఖ్యమంత్రిగా నుండి, ఒక కుటుంబము ఎంత భూమి యుంచుకొనవచ్చునో ప్రభుత్వమే నిర్ణయింపవలెనని చట్టము చేయించినవారు వారే. డెబ్బదవ యేట ప్రధానమంత్రియై, ఒక వర్తకుడు ఏ కర్మాగారము పెట్టవలెనో, ఏ సరకు ఎంత తయారుచేయవలెనో నిర్ణయించు నధికారమును ప్రభుత్వము చేతినుండి తీసివేసినవారును వారే. ఒకే మనుష్యుడు ఈ రెండు కార్యములను ఎట్లు చేసెనని కొందరు ఆశ్చర్యపడుదురు, కొందరు ఆక్షేపింతురు.

నరసింహారావుగారు 1921 జూన్ 28న వరంగల్లు జిల్లా నర్సంపేట ప్రాంతములోని లక్నేపల్లిలో జన్మించిరి. పసితనముననే వంగరకు దత్తత వచ్చిరి. హనుమకొండలో చదువుచుండగా, 1938లో, నిజాం ప్రభుత్వ నిషేధమును లెక్కచేయక వందేమాతర గీతమును పాడిన విద్యార్థులలో చేరి, చదువునుండి వెడలగొట్టబడిరి. అంతట నాగపూరులోను పూనాలోను చదివి విజ్ఞానశాస్త్రమునను, న్యాయశాస్త్రమునను పట్టములందిరి. హైదరాబాదులో బూర్గుల రామకృష్ణారావుగారి వద్ద న్యాయవాద వృత్తిలో మెలకువలు నేర్చిరి. స్వామి రామానందతీర్థ శిష్యవర్గములోని వారగుటచే 1947-48 సంవత్సరములలో ఆదిలాబాదు జిల్లా సరిహద్దునకావల నున్న చాందా శిబిరమునుండి నిజాముపై జరిగిన పోరాటములో పాల్గొనిరి. తరువాత బంధువులైన పాములపర్తి సదాశివరావుగారితో కలిసి వరంగల్లునుండి కాకతీయ పత్రికను నడిపిరి. ఈ ఇరువురు జయ-విజయ యను పేర వ్రాయుచుండిరి.

ఆ కాలమున ఈ జిల్లాలలో భూమి స్థితి యెట్లుండెనో పెద్దలవలన వినినవారికి వివరింప నవసరము లేదు. జాగీర్లు 1949లో రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టము వచ్చి రక్షిత కౌలుదారులను పేరు పుట్టినది. అయినను పట్టా యొకనిది, నాగలి యొకనిది, పంట యొకని గాదెలోనిది. వెట్టి చేయువానికి చట్టముచే స్వేచ్ఛ యున్నదని చెప్పుట సులభమే. తెల్లవారినంతనే దొరగడి ముందు నిలువవలసిన వానికి ఆ స్వేచ్ఛ యేమి ప్రయోజనము? భూవసతిగల యింటిలో పెరిగిన నరసింహారావుగారు దీనిని బయటినుండి గాక లోపలినుండి చూచిరి.

1952 ఎన్నికలలో వారు ఓడిపోయిరి. 1957లో మంథని నియోజకవర్గమునుండి శాసనసభకు ఎన్నికై, 1977 వరకు ఇరువదియేండ్లు ఆ స్థానమునకు ప్రాతినిధ్యము వహించిరి. వారు శాసనసభ కేగిన రెండేండ్లకే, 1959లో, దేశమున గొప్ప వాదము పుట్టెను. నాగపూరు కాంగ్రెసు మహాసభ సహకార వ్యవసాయమును తీర్మానించినది. రైతు భూమి రైతు చేతిలో నుండదని, పరిశ్రమలన్నియు పర్మిట్ల పాలగునని రాజాజీగారు, మన ఆచార్య రంగాగారు కాంగ్రెసునెదిరించి స్వతంత్ర పార్టీని స్థాపించిరి. నరసింహారావుగారు కాంగ్రెసులోనే యుండిరి. నెహ్రూగారి ప్రణాళికా మార్గమే వారి మార్గము. 1962 మొదలు మంత్రిగా న్యాయము, దేవాదాయము, ఆరోగ్యము, విద్య మున్నగు శాఖలను నిర్వహించిరి. ఈ పనుల నడుమనే విశ్వనాథవారి వేయిపడగలను హిందీలోనికి, హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను తెలుగులోనికి తెచ్చిరి. మంత్రిపదవి యుండియు నిఘంటువు విడువనివారు మన దేశమున ఎందరు గలరు?

1971 సెప్టెంబరులో వారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియైరి. అంతకు ముందు 1961 నాటి భూపరిమితి చట్టమొకటి యుండెను గాని, దాని పరిమితి నేలను బట్టి 27 ఎకరములు మొదలు 324 ఎకరముల వరకు నుండెను. అట్టి వలలో ఏ చేపయు పడదు. 1972లో నరసింహారావుగారు ముందుగా భూమి బదలాయింపులను ఆర్డినెన్సుచే ఆపి, పిదప క్రొత్త చట్టమును శాసనసభలో నెగ్గించిరి. అయిదుగురు గల కుటుంబమునకు తరి భూమి 10 మొదలు 27 ఎకరములు, ఖుష్కి భూమి 35 మొదలు 54 ఎకరములు పరిమితి. అది 1973 సంవత్సరపు 1వ నంబరు చట్టమైనది. వంగరలో తమకు గల వందల ఎకరముల మిగులు భూమినికూడ వారు వదలుకొనిరి. తన పొలము గట్టు తెంచుకొని పరుల పొలమునకు నీరు వదలువాడు అరుదు. ఆ అరుదైన పని చేసిన తరువాతనే వారు ఇతరులను అడిగిరి.

దాని ఫలము వారికి వెంటనే దక్కినది. తమ పార్టీలోని భూస్వాములే విరోధులైరి. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమము చెలరేగెను. ఉద్యమమునకు కారణము ముల్కీయే యైనను, దానికి గాలి విసరినవారిలో భూపరిమితిచే నొచ్చినవారును గలరని పలువురి తలంపు. 1973 జనవరిలో నరసింహారావుగారు పదవి వీడవలసి వచ్చెను. రాష్ట్రపతి పాలన వచ్చెను. చట్టము మాత్రము 1975 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది.

అమలు ఎట్లు జరిగెనో గ్రామ లెక్కలెరిగినవారికి తెలియును. పహాణీలో పేర్లు మారినవి గాని పొలములో మనుష్యులు మారలేదు. బంధువుల పేర, పాలేర్ల పేర భూములు ముక్కలయినవి. మిగులుగా చూపినది పలుచోట్ల రాతినేల. దుర్మార్గము భూస్వామి యొక్కనిదే యన వీలులేదు. కలము పట్టినవాడు సాయపడనిదే కాగితము మారదు. ప్రభుత్వము ప్రజలకు మేలు చేయదలచి చట్టము చేసినను, ఆ మేలు తాహశీలు కచేరి మెట్లు దిగి ఊరు చేరువరకు ఎన్ని చేతులు మారవలెనో! 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో రైతుకూలీలు లేచి, ఆ ప్రాంతములు కల్లోలిత ప్రాంతములుగా ప్రకటింపబడుట ఈ కథకు పొడిగింపే. చట్టముచే రావలసిన భూమి రానప్పుడు, కొందరు దానిని వేరు దారిని వెదకిరి.

1977లో హనుమకొండనుండి లోకసభ కేగి, ఢిల్లీలో విదేశాంగము, హోము, రక్షణ, మానవ వనరుల శాఖలను నిర్వహించిరి. 1984లో ఇందిరాగాంధీగారి హత్యానంతరము ఢిల్లీలో సిక్కుల ఊచకోత జరిగినప్పుడు హోముమంత్రి వారే. ఆ నింద వారిని విడువలేదు. గ్రామీణ బాలుర కొరకు నవోదయ విద్యాలయములు 1986లో వారి హయాములో వెలసినవి. 1991 ఎన్నికలలో పోటీ చేయక, పుస్తకములు మూటగట్టుకొని ఢిల్లీ విడువ సిద్ధపడియుండగా, మే 21న రాజీవ్‌గాంధీగారు హత్యకు గురియైరి. జూన్ 21న నరసింహారావుగారు ప్రధానమంత్రిగా ప్రమాణము చేసిరి. ఆ నవంబరున నంద్యాలనుండి లోకసభకు ఎన్నికైరి.

అప్పటి దేశస్థితి దివాలాకు చేరువ. విదేశములనుండి సరకు కొనుటకు ఖజానాలో నున్న విదేశ ద్రవ్యము కొన్ని వారములకు మాత్రము చాలును. జులైలో సుమారు 47 టన్నుల బంగారమును విదేశ బ్యాంకులలో కుదువబెట్టిరి. ఇంటి ఆడపడుచు పుస్తె తాకట్టు పెట్టినట్లు జనులు తలవంచుకొనిరి. నరసింహారావుగారు మన్మోహన్ సింగుగారిని ఆర్థికమంత్రిగా నియమించిరి. వారు పూర్వము ప్రణాళికా సంఘమునకు ఉపాధ్యక్షులుగా నుండినవారే. జులై మొదటి మూడు దినములలో రూపాయి విలువను రెండు మారులు తగ్గించిరి.

1951 నాటి పరిశ్రమల చట్టము క్రింద, ఢిల్లీ అనుమతి లేనిదే పెద్ద కర్మాగారము స్థాపించుటకు గాని, ఉన్నదానిని విస్తరించుటకు గాని వీలులేదు. అనుమతించిన దానికన్న ఎక్కువ సరకు చేయుట నేరము. దేశమునకు ఏది ఎంత కావలెనో ముందుగా లెక్కవేసి, ఉన్న కొద్ది ధనమును వ్యర్థము కానీయకుండుటకు పెద్దలు చేసిన ఏర్పాటది. తలంపు చెడ్డది కాదు. కాలము గడచినకొలది లెక్క వేయువాడే ద్వారపాలకుడైనాడు. లైసెన్సు పొందినవాడు పోటీ లేక సుఖించెను; పొందనివాడు ఢిల్లీ కచేరీల చుట్టు తిరిగెను. పరిశ్రమల శాఖను నరసింహారావుగారు తమ చేతనే యుంచుకొనిరి. 1991 జులై 24న, బడ్జెటు చదువుటకు కొంత ముందు, క్రొత్త పారిశ్రామిక విధానమును పార్లమెంటు ముందుంచిరి. 18 పరిశ్రమలకు తప్ప తక్కినవానికి లైసెన్సు అవసరము లేదు. ప్రభుత్వమునకే ప్రత్యేకించిన రంగములు 17 నుండి 8కి తగ్గినవి. ఆ పత్రము నెహ్రూగారిని స్మరించుచునే సాగినది. తండ్రి కట్టిన గోడను పడగొట్టుచు తండ్రికే నమస్కరించు పద్ధతి అది. లౌక్యమనువారున్నారు. నిజమే, లౌక్యము గలదు. మైనారిటీ ప్రభుత్వమును నడుపువారికి మరియొక దారి కనబడదు.

ప్రణాళికను మాత్రము వారు తోసివేయలేదు. 1992-97 నాటి ఎనిమిదవ ప్రణాళిక వారి కాలమునదే. అది ఆజ్ఞాపించుటకు మారుగా దారిచూపునదిగా రూపొందినది. (ప్రణాళికా సంఘము వారి తరువాత చాలకాలమునకు, 2015లో, నీతి ఆయోగునకు చోటిచ్చి తొలగెను.) 73వ రాజ్యాంగ సవరణచే 1993 ఏప్రిల్ 24 నుండి గ్రామ పంచాయతీలకు రాజ్యాంగ రక్షణ కలిగెను.

ఇక్కడ ఒక భేదము గమనింపదగియున్నది. అడ్డు తీయుటకు ఒక ఉత్తరువు చాలును. భూమి పంచుటకు వేయి నమ్మకమైన చేతులు కావలెను. 1991 కార్యము జయమొంది, 1972 కార్యము కుంటువడుటకు సగము కారణమిదే. అందుచేత మొదటిది తప్పని, రెండవది ఒప్పని తేల్చుట తొందరపాటు. విడుదలయైన స్వేచ్ఛ అందరి గుమ్మమునకు ఒకే తీరున రాలేదు. నగరములలో క్రొత్త వ్యాపారములు, ఉద్యోగములు పుట్టినవి. రైతునకు 1991 బడ్జెటులో ముందుగా కనబడినది ఎరువుల ధర పెరుగుట. ప్రతిపాదించిన 40 శాతమును గొడవ జరిగిన మీదట 30కి తగ్గించి, చిన్నరైతులను మినహాయించిరి. మంథనికి పొరుగున రామగుండములో ప్రభుత్వము స్థాపించిన ఎరువుల కర్మాగారము నష్టములలో మునిగి 1999లో మూతపడెను. 2021లో క్రొత్త సంస్థగా తిరిగి ఉత్పత్తి కారంభించెను. సిరిసిల్లలో మరమగ్గముల నేతపనివారు నూలు ధర, అప్పు, అమ్మకము లేమిచే ప్రాణములు తీసికొన్న దుఃఖము ఈ జిల్లావాసులు మరువలేదు. ఇవన్నియు ఒక్కని పాపమనుట అన్యాయము; వానికి సంబంధమే లేదనుట అసత్యము.

వారి పాలనకు అంటిన మచ్చలును గలవు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలుటను ఆపలేకపోయిరి. అవిశ్వాస తీర్మానమును గట్టెక్కుటకు సభ్యులకు లంచమిచ్చిరను అభియోగమున 2000లో శిక్ష పడి, 2002లో పై న్యాయస్థానమున నిర్దోషులుగా తేలిరి. 1996 ఎన్నికలలో కాంగ్రెసు ఓడినది. 2004 డిసెంబరు 23న వారు ఢిల్లీలో మరణించిరి. అంత్యక్రియలు హైదరాబాదులో హుస్సేన్‌సాగరు తీరమున జరిగెను. 2024లో భారతరత్న ప్రకటింపబడెను.

పదవి పోయిన పిదప, 1998లో, వారు ఆంగ్లమున ఒక పెద్ద నవలను ప్రకటించిరి. తెలుగున అది లోపలిమనిషి యను పేర వచ్చినది. పేర్లు మార్చి తమ కథనే చెప్పుకొనిరని చదివినవారు గ్రహింతురు. అందు భూసంస్కరణము కొరకు పోరాడి కుర్చీ పోగొట్టుకొన్న ముఖ్యమంత్రి గలడు. అతని చుట్టు చేరిన ఆశపోతులు గలరు. పట్టాల మోసములు గలవు. కథ 1973తో ఆగును. 1991 కథను వారు నవలగా ప్రకటింపలేదు.