ముట్టకుండా పలికే వాద్యం – సృష్టికర్త థెరమిన్

వాద్యమన్న తరువాత మీటాలి, ఊదాలి లేదా కొట్టాలి. ఇవేవీ లేకుండా, గాలిలో చేతులు కదిపితే పలికే వాద్యాన్ని నూరేళ్ళ క్రితమే తయారుచేసిన శాస్త్రజ్ఞుడు లియోన్ థెరమిన్. స్వదేశంలో ఆయన పేరు లెవ్ టెర్మెన్.

ఆయన 1896లో రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్‌లో జన్మించారు. భౌతికశాస్త్రంతోపాటు సెల్లో వాద్యం కూడా అభ్యసించారు. 1920లో వాయువుల లక్షణాలు కొలిచే పరికరం తయారుచేస్తూ, చెయ్యి దగ్గరకు తెస్తే దానిలోని కూత మారుతోందని గమనించారు. పాత వాల్వు రేడియోలో స్టేషను తిప్పుతుంటే వచ్చే ఈల మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. సూత్రం ఇంచుమించు అదే. కుడిచెయ్యి నిలువు ఏరియల్‌ను సమీపిస్తే శ్రుతి హెచ్చుతుంది. ఎడమచెయ్యి తీగ వలయం దగ్గర ధ్వనిని పెంచుతుంది, తగ్గిస్తుంది. వీణకున్నట్లు మెట్లు లేవు; వాయించేవారికి చెవే ఆధారం.

1922లో లెనిన్ ఎదుట ప్రదర్శించారు. 1927 చివరలో విదేశీ యాత్రలో భాగంగా అమెరికా చేరి, మరుసటి ఏడాది పేటెంటు పొందారు. ఆర్.సి.ఎ. కంపెనీ సుమారు 500 వాద్యాలు తయారుచేసినా, ఆర్థికమాంద్యం వల్ల, నేర్చుకోవడం కష్టం కావడం వల్ల వ్యాపారం సాగలేదు.

1938లో భార్య లవీనియా విలియమ్స్‌ను అమెరికాలోనే విడిచి స్వదేశం చేరారు. మళ్ళీ ఆమెను చూడలేదు. 1939లో అరెస్టై, కొలిమా శిబిరంలోను, తరువాత ఖైదీ శాస్త్రజ్ఞుల ప్రయోగశాలలోను గడిపారు. అక్కడ ఆయన రూపొందించిన, బ్యాటరీ అక్కరలేని రహస్య శ్రవణ పరికరం 1945 నుండి 1952 వరకు మాస్కోలోని అమెరికా రాయబారి నివాసంలో ఎవరి కంటా పడలేదు.

విడుదలైన చాలా ఏళ్ళకు, 1960లలో, మాస్కో సంగీత కళాశాలలో మళ్ళీ వాద్యాల పని చేపట్టారు. 1967లో ఒక అమెరికా పత్రిక ఆయన గురించి వ్రాయడంతో ఆ పనీ పోయింది, వాద్యాలూ ధ్వంసమయ్యాయి. అప్పటికి ఆయనకు 70 దాటాయి. అయినా కూర్చుండిపోలేదు. బంధువుల బిడ్డ లిడియా కవినాకు తొమ్మిదేళ్ళ వయసు నుండి నేర్పి, గొప్ప వాద్యకారిణిగా తీర్చిదిద్దారు. 1991లో, 95వ ఏట, తిరిగి అమెరికా దర్శించారు. 1993 నవంబరు 3న మాస్కోలో కన్నుమూశారు.

కంపెనీ వదిలేసిన వాద్యాన్ని ఇళ్ళలో పనిముట్లు పట్టినవారే బ్రతికించారు. 1949లో కుర్రవాడైన రాబర్ట్ మూగ్ సొంతంగా ఒకటి తయారుచేసుకుని, తరువాత విడిభాగాల కిట్లు అమ్మారు, సింథసైజరుతో ప్రఖ్యాతుడయ్యారు. ఇప్పుడు ఆర్డుయినో వంటి చౌక బోర్డుతో డిజిటల్ థెరమిన్ తయారవుతోంది. చేతి కదలికకు ఏరియల్ వద్ద కలిగే మార్పును చిన్న చిప్ లెక్కిస్తుంది. ఓపెన్ థెరమిన్ అనే నమూనా సర్క్యూటు, ప్రోగ్రాము అందరికీ ఉచితం. ప్రోగ్రాము మార్చి గొంతు మార్చవచ్చు. అపస్వరం పడకుండా ఎంచుకున్న స్వరాల మీదే నిలపవచ్చు.

మన మనుమలు బల్ల మీద తీగలు పరచి, కీచుమనే శబ్దాలు చేస్తుంటే విసుక్కోకండి. వీలైతే పక్కన కూర్చుని టంకం పట్టండి. 70 దాటాక మళ్ళీ మొదలుపెట్టిన థెరమిన్ కథ వారికి చెప్పండి.